చుక్క పడేది ఒకచోట, కారేది ఇంకోచోట

పాత కారున్న ఇంటికి వెళ్ళి పోర్టికోలో గచ్చు చూస్తే చాలు, ఆ బండి రోజూ సరిగ్గా ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది. అరచేయంత నల్లటి మరక, దాని మీద ఇసుక చల్లి ఊడ్చిన గుర్తులు, కిరోసిన్ పోసి బ్రష్షుతో రుద్దిన గీతలు. అంబాసిడర్లు తిరిగిన రోజుల్లో ఆ మరకను ఎవరూ జబ్బుగా లెక్కపెట్టలేదు. బండి కింద ఓ పాత రేకు పళ్ళెం పెట్టి ఊరుకునేవాళ్ళు. బుల్లెట్ మోటార్‌సైకిల్ గురించి అప్పటి జోకు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది: ఆయిల్ కారడం ఆగిందంటే లోపల ఆయిల్ అయిపోయిందన్నమాట.

ఇప్పుడు పదిహేను, ఇరవై ఏళ్ళు నిండిన మారుతి కిందో సాంత్రో కిందో అదే చుక్క కనబడితే మనకు రెండే సలహాలు దొరుకుతాయి. ఒకటి, ‘పాత బండి కదా సార్, మామూలే, కొంచెం ఆయిల్ పోస్తూ ఉండండి’. రెండోది, ‘క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి’. మొదటి మాట చెప్పినవాడు బండి కింద దూరలేదు. రెండో మాట చెప్పినవాడు దూరాడు గానీ పైకి చూడలేదు. ఆయిల్ లీకేజీ గురించి మెకానిక్కులూ, కంపెనీల సర్వీసు పుస్తకాలూ, ఆయిల్ తయారీదార్లూ చెప్పే మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది: సీలు మార్చడం పెద్ద విద్య కాదు, ఏ సీలో తేల్చడమే విద్య. అది ఎందుకు పోయిందో అడగడం అంతకంటే పెద్ద విద్య.

ముందు లెక్క చూద్దాం. సుమారుగా ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. పది నిమిషాలకొక చుక్క పడుతుందనుకుంటే రోజుకు 144 చుక్కలు, అంటే ఏడు మిల్లీలీటర్ల పైచిలుకు. డిప్‌స్టిక్ మీది రెండు గీతల మధ్య దూరం చాలా కార్లలో లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ లెక్కన పై గీత నుంచి కింది గీతకు దిగడానికి నాలుగున్నర నెలలు పడుతుంది. ఈలోపు ఎలాగూ ఆయిల్ మార్చే రోజు దగ్గరపడుతుంది. గచ్చు మీద మాత్రం అదే చుక్క పాకిపోయి భయంకరమైన మరకగా కనబడుతుంది. మరక సైజును బట్టి జబ్బు తీవ్రతను కొలిస్తే తప్పుతాం. కొలవాల్సింది డిప్‌స్టిక్‌తో, వెయ్యి కిలోమీటర్లకు ఎంత పోశామన్న లెక్కతో.

డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి నూనెకుండ దీపాన్ని నమ్ముకుని ఉండేవాళ్ళు మరో పొరపాటు చేస్తారు. ఆ దీపం చెప్పేది ఆయిల్ మట్టం గురించి కాదు, ఒత్తిడి గురించి. చాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ బాగా అడుగంటి, పంపు గాలి పీల్చుకునేదాకా అది వెలగదు. మలుపులో ఒక్కసారి మినుక్కుమన్నా వెంటనే ఇంజిన్ ఆపాలి. అది ముందస్తు హెచ్చరిక కాదు, ఆఖరి కేక.

మెకానిక్కుల భాషలో లీకుకు మూడు మెట్లున్నాయి: చెమ్మ, చుక్క, ధార. ప్యాకింగ్ అంచున దుమ్ము అంటుకుని తడిగా కనిపిస్తే చెమ్మ. అది కిందికి రాదు. పాతికేళ్ళ ఇంజిన్‌కు చెమ్మ ఉందని డబ్బు ఖర్చుపెట్టక్కర్లేదు. చుక్కకు కారణం వెతకాలి. ధార అయితే బండిని కదపకుండా మెకానిక్కునే పిలిపించుకోవాలి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం తగాదాలు పుడతాయి.

ఇక కారేది ఇంజిన్ ఆయిలేనా అన్న ప్రశ్న చిన్నదే గానీ దాటేయకూడదు. ఏసీ నీళ్ళు చూసి కంగారుపడేవాళ్ళు ప్రతి వేసవిలోనూ ఉంటారు. ఎర్రగా ఉంటే చాలాసార్లు పవర్ స్టీరింగ్ ఆయిలో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలో. ఆకుపచ్చగానో గులాబీరంగులోనో తీపి వాసనతో ఉంటే రేడియేటర్ కూలెంట్. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గేర్ ఆయిల్, అందులోని గంధకం వాసన అది. చక్రం లోపలి వైపు తడిగా ఉండి, పలచగా, వేలికి జారుగా తగిలితే బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు ఈ వ్యాసం పక్కనపెట్టి ముందు బ్రేకులు చూపించుకోండి.

సీలు అనే పెదవి

ఇంజిన్‌లో ఆయిల్ బయటకు రాగల చోట్లు రెండు రకాలు. కదలని రెండు లోహాల మధ్య అతుకు ఒకటి. ఇంజిన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవర్, అడుగున చాంబర్, ఆయిల్ ఫిల్టర్ ఇలాంటివి. ఇక్కడ పని చేసేది ప్యాకింగ్. తిరిగే ఇరుసు లోహపు గోడను దాటి బయటికొచ్చే చోటు రెండోది. పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంక్ రెండు కొసలూ, క్యామ్‌షాఫ్ట్ కొసా. ఇక్కడ ఉండేది ఆయిల్ సీల్. చూడటానికి రబ్బరు ఉంగరంలా ఉండే ఈ వస్తువు చేసే పని కొంచెం విచిత్రమైనది.

సీలుకు లోపలివైపు కత్తి అంచులాంటి పెదవి ఉంటుంది. దాని వెనక సన్నటి స్ప్రింగు చుట్టు. పెదవి ఇరుసును గట్టిగా నొక్కి ఆయిల్‌ను ఆపుతుందని మనం అనుకుంటాం. నిజానికి ఆ పెదవి కింద మైక్రాన్ల మందంలో ఆయిల్ పొర ఎప్పుడూ ఉంటుంది. అది లేకపోతే పెదవి నిమిషాల్లో కాలిపోతుంది. పెదవికి రెండువైపులా ఉన్న వాలు కోణాలు వేరువేరు. ఆ తేడా వల్ల ఇరుసు తిరుగుతున్నప్పుడు బయటకు రాబోయే ఆయిల్‌ను పెదవి మళ్ళీ లోపలికే తోస్తుంది. అంటే సీలు గోడ కాదు, ఒక చిన్న పంపు. సీలును తిరగేసి బిగిస్తే అదే పంపు ఆయిల్‌ను బయటకు తోడిపోస్తుంది. స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపే ఉండాలన్న నియమం అందుకే.

ఇంత తెలివైన వస్తువు తోలు పరిశ్రమలో పుట్టిందంటే ఆశ్చర్యమే. జర్మనీలో చర్మాలు శుద్ధిచేసే ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీలో పనిచేసిన వాల్తర్ సిమ్మర్ అనే ఇంజనీరు 1930ల తొలినాళ్ళలో తోలు పెదవిని లోహపు గూటిలో బిగించి, స్ప్రింగుతో పట్టి ఉంచే పద్ధతిని రూపొందించాడు. ఆ తర్వాత తోలు స్థానంలో రబ్బరు వచ్చింది. జర్మన్ మెకానిక్కులు ఇప్పటికీ ఆయిల్ సీల్‌ను సిమ్మరింగ్ అనే అంటారు.

అంబాసిడర్‌కు ఆ భాగ్యం చాలాకాలం దక్కలేదు. ఏళ్ళ తరబడి దానికి వాడిన పెట్రోల్ ఇంజిన్ బ్రిటన్‌లోని బీఎంసీ బీ-సిరీస్, 1489 సీసీది. ఆ ఇంజిన్ క్రాంక్ వెనక కొసకు రబ్బరు సీలు లేదు. ఇరుసు మీదే బోల్టు మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. క్రాంక్ తిరుగుతున్నంతసేపూ ఆ గాడి ఆయిల్‌ను వెనక్కి తిప్పి చాంబర్‌లోకి పంపుతుంది. ఇంజిన్ ఆగిందా, ఆపేవాడు ఎవరూ లేరు. ముక్కు పైకి పెట్టి ఏటవాలులో బండి ఆపితే చుక్కలు పడటం ఆ నిర్మాణంలోనే ఉంది. కాబట్టి ‘మామూలే’ అన్న మాట అంబాసిడర్‌కు న్యాయంగానే వర్తించింది. ఆ మాట అక్కడి నుంచి మన నోళ్ళలో స్థిరపడి, రబ్బరు సీళ్ళున్న మారుతి కాలానికీ వచ్చేసింది. ఇక్కడ దానికి అంత అర్హత లేదు.

రబ్బరు సీళ్ళకు శత్రువులు వేడీ, వయసూ. పాత కార్లలో ఎక్కువగా వాడిన నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల సెల్సియస్ దాకా హాయిగా బతుకుతుంది, ఆ పైన ఏళ్ళ తరబడి ఉంటే మెల్లగా గట్టిపడుతుంది. గోరుతో నొక్కితే లొత్త పడాల్సిన పెదవి ప్లాస్టిక్ గాజులా టకటకలాడుతుంది. ఫ్లోరిన్ రబ్బరు, అంటే వైటాన్ రకం, 200 డిగ్రీల దగ్గర కూడా తట్టుకుంటుంది, ధర కూడా ఆ మేరకే. విజయవాడ మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలిచిన బండికి ఏది మేలో వేరే చెప్పాలా. తిరగని కార్ల బాధ ఇంకో రకం. పిల్లలు అమెరికాలో స్థిరపడి, తండ్రి డ్రైవింగ్ మానేసి, కవరు కప్పి ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే స్టార్ట్ చేసే బండ్లు మన ఊళ్ళలో ఎన్ని లేవు! వాటి సీలు పెదవి ఒకే చోట నెలల తరబడి ఆనుకుని అంటుకుపోతుంది. కారు తిరిగింది 40 వేల కిలోమీటర్లే అని మురిసి కొన్నవాడు మూడో నెలలో చాంబర్ కింద అట్టముక్క పరుస్తాడు.

ఊపిరాడని ఇంజిన్

ఇంతవరకూ చెప్పినదంతా దాదాపు అందరూ ఒప్పుకునేదే. చర్చ మొదలయ్యేది సీలు పోవడం కారణమా, ఫలితమా అన్న దగ్గర.

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా, మండిన వాయువులో కొద్ది భాగం పక్కల నుంచి కిందికి జారి క్రాంక్ గదిలో చేరుతుంది. దానికి దారి ఇవ్వకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పూర్వం ఆ వాయువును ఒక గొట్టం ద్వారా బండి కిందికి, రోడ్డు మీదికే వదిలేసేవాళ్ళు. పొగమంచుతో సతమతమైన కాలిఫోర్నియాలో 1960ల మొదట్లో ఆ వాయువును ఇంజినే తిరిగి పీల్చుకుని కాల్చేయాలన్న ఏర్పాటు తప్పనిసరైంది. పీసీవీ వాల్వు అంటున్నది దాన్నే. కాలుష్యం కోసం పుట్టిన ఆ చిన్న వాల్వు సీళ్ళకూ మేలు చేసింది, క్రాంక్ గదిలో ఒత్తిడి పెరగకుండా కాస్త లాగుడు ఉంచుతుంది కాబట్టి.

ఇప్పుడు ఆ వాల్వో, ఆ వాయువు వెళ్ళే బ్రీదర్ పైపో ఇరవై ఏళ్ళ మడ్డితో పూడుకుపోయిందనుకోండి. లోపలి గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి బయటకు తన్నుకొస్తుంది, ఆయిల్‌ను వెంటబెట్టుకుని. అప్పటికే గట్టిపడిన సీలు ముందు లొంగిపోతుంది. సీలు మారుస్తాం. రెండు నెలలు బాగుంటుంది. తర్వాత అదే సీలో, దాని పక్కదో మళ్ళీ కారుతుంది. మెకానిక్ స్పేర్‌పార్ట్ నకిలీదంటాడు, షాపువాడు మెకానిక్ బిగించడం రాదంటాడు. ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. పన్ను నొప్పికి మోకాలికి పట్టు వేశారంతే.

దీన్ని పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద ఒక కాగితం ఉంచాలి. పీసీవీ వాల్వున్న ఆరోగ్యమైన ఇంజిన్ కాగితాన్ని మెల్లగా లోపలికి లాక్కుంటుంది. కాగితం ఎగిరి పడుతూ, కింది నుంచి పొగ భుగభుగ వస్తుంటే రెండే అర్థాలు. దారి మూసుకుపోయిందన్నది మొదటిది, రింగులు అరిగిపోయి ఆ దారి చాలడం లేదన్నది రెండోది. వాల్వు ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమనాలి. అనకపోతే మార్చేయండి, ఇంజిన్‌లో అంత చవకైన భాగం ఇంకోటి దొరకదు. బ్రీదర్ పైపు శుభ్రం చేశాక కూడా కాగితం ఎగురుతుంటే కంప్రెషన్ టెస్టు చేయించాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా సీళ్ళ జోలికి పోకపోవడమే నయం. రింగులు పోయిన ఇంజిన్‌కు కొత్త సీళ్ళు వేయడం చిల్లుకుండకు మూత కొనడం లాంటిది.

ఆటోనగర్లలో చేయి తిరిగిన పెద్ద మెకానిక్కులు ఈ పని అడక్కుండానే చేస్తారు. బానెట్ ఎత్తగానే మూత తిప్పి, అరచేయి అడ్డుపెట్టి చూస్తారు. కొత్తతరం వర్క్‌షాపుల్లో నేను చూసినంతలో ఈ అలవాటు తగ్గింది. కంప్యూటర్ తగిలించి కోడ్లు చదువుతారు, ఆయిల్ చుక్కకు కోడ్ ఉండదు.

పైనుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి

లీకు వెతకడానికి ప్రచారంలో ఉన్న పద్ధతులు నాలుగైదు. అన్నింటికీ పునాది ఒకటే: ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకే తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదాన్ని మొదట అనుమానించాలి. ట్యాపెట్ కవర్ వెనక మూలలో కారిన ఆయిల్ ఇంజిన్ గోడ వెంట జారి, గేర్‌బాక్స్ గూడు మీదుగా దిగి, కింద క్రాంక్ సీల్ పోయినట్టే చుక్కలు పెడుతుంది.

ఈ పాఠానికి నేను రుసుము కట్టాను. మా చిన్న కారుకు గేర్‌బాక్సూ ఇంజినూ కలిసే చోట చుక్క పడుతుంటే ఒక వర్క్‌షాపులో వెనక క్రాంక్ సీల్ అన్నారు. సరేనన్నాను. గేర్‌బాక్స్ దించారు, సీలు మార్చారు, పనిలో పనిగా క్లచ్ ప్లేటు కూడా మార్చేశారు. వారం తిరక్కముందే అదే చోట అదే చుక్క. చివరికి తేలిందేమిటంటే, సిలిండర్ హెడ్ కొసన, గేర్‌బాక్స్‌కు నేరుగా పైన బిగించే డిస్ట్రిబ్యూటర్ మొదట్లో ఉండే ఓ-రింగ్ గట్టిపడి పగిలింది. చిటికెన వేలి ఉంగరమంత రబ్బరు. దాన్ని మార్చడానికి అరగంట పట్టింది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టారని వాళ్ళను తిట్టుకున్నాను గానీ, తల ఎత్తి పైకి చూడమని అడగనిది నేను కూడా.

మొదటి మెట్టు కడగడం. కడగకుండా లీకు వెతికేవాడిని నమ్మకండి. మన దగ్గర డీజిల్‌తో బ్రష్షు కొట్టి, గాలి పట్టి ఆరబెడతారు. పని జరుగుతుంది గానీ రబ్బరు బెల్టుల మీదా, ఆల్టర్నేటర్ మీదా పడకుండా చూసుకోవాలి. నీటితో కడిగే డీగ్రీజర్ వాడితే ఇంకా మేలు. తర్వాత పదిహేను కిలోమీటర్లు తిప్పి, టార్చి వేసి పైనుంచి కిందికి చూడాలి. రాత్రికి బండి కింద తెల్లటి అట్టముక్క పరిచి, చక్రాల స్థానం సుద్దతో గుర్తుపెట్టుకుంటే పొద్దున చుక్క ఏ భాగానికి నేరుగా కింద పడిందో తెలుస్తుంది. నా లెక్కలో చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

తేలని వాటికి పౌడర్. కడిగి ఆరబెట్టిన ఇంజిన్ మీద టాల్కం పౌడర్ పలచగా చల్లి నడిపితే, ఆయిల్ మొదట ఊరే చోట చార తడిసి నల్లబడుతుంది. అప్పటికీ దొరక్కపోతే మెరిసే రంగు. చిన్న సీసాలో దొరికే ఆ ద్రవాన్ని ఆయిల్‌లో కలిపి ఓ గంట నడిపి, చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే లీకు దారి పసుపు పచ్చగా వెలుగుతుంది. కడగకుండా వేస్తే ఇదీ దండగే, ఇంజిన్ అంతా దీపావళిలా వెలుగుతుంది. ఇంకా పట్టుబడకపోతే క్రాంక్ గదిలోకి కొద్ది గాలి ఎక్కించి, సబ్బునురగ రాసి బుడగలు చూసే పద్ధతి ఉంది. టైరులో ముప్పై పీఎస్ఐ దాకా గాలి ఉంటుంది, ఇక్కడ రెండు మూడు మించకూడదు. కంప్రెసర్ గొట్టం నేరుగా పెట్టి మంచి సీళ్ళను కూడా ఊడగొట్టిన ప్రబుద్ధులున్నారు.

వెనక సీలు నిజంగానే పోయిందని ఒప్పుకోవడానికి ముందు ఒక్క ముక్క: ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే గూటికి అడుగున ఒక చిన్న సందు ఉంటుంది. అక్కడి చుక్కను వేలికి రాసుకుని వాసన చూడండి. గంధకం కంపు కొడితే అది గేర్‌బాక్స్ వైపు సీలు. ఇంజిన్ ఆయిల్ వాసనే అయి, పైనంతా పొడిగా ఉండి, పైగా క్లచ్ జారుతుంటే అప్పుడు గేర్‌బాక్స్ దించడానికి ఒప్పుకోవచ్చు.

ఆయిల్ మార్చిన మర్నాడే కారడం మొదలైతే ఇంత తతంగం అక్కర్లేదు. పాత ఫిల్టర్ రబ్బరు ఉంగరం ఇంజిన్‌కే అంటుకుపోయి, దాని మీద కొత్త ఫిల్టర్ ఎక్కించేశారేమో చూడాలి. రెండు ఉంగరాల మధ్య నుంచి వచ్చేది చుక్క కాదు, ధార. లేదంటే డ్రెయిన్ బోల్టుకు పాత వాషరే వేసి ఉంటారు, లేదా బలం చూపించబోయి చాంబర్ మర పోగొట్టి ఉంటారు.

అనాబాండ్ పూస్తే సరిపోతుందా

చిట్కాల విషయంలో అభిప్రాయాలు ఎంత తీవ్రంగా ఉంటాయో, ఆధారాలు అంత పలచగా ఉంటాయి. సిలికాన్ గమ్ము, మన మెకానిక్కుల నోట్లో కంపెనీ ఏదైనా ‘అనాబాండ్’, అందరి చేతిలోనూ ఉండే మందు. ప్యాకింగ్ దొరకని పాత కార్లకు అది ప్రాణదాత అన్నది నిజం. అతిగా పూస్తే ప్రాణాంతకమన్నదీ నిజమే. అతుకు లోపలికి పొంగిన గమ్ము సేమ్యాల్లా తెగి చాంబర్‌లో పడి, ఆయిల్ పంపు జాలికి అడ్డుపడుతుంది. బయటి లీకు ఆగి లోపలి ఇంజిన్ పోతుంది. సన్నటి తీగలా ఒక్క వరస చాలు. ఆ గమ్ము గట్టిపడేది గాలిలోని తేమతో. అందుకే వానాకాలం కాకినాడలో త్వరగా తోలుకడుతుంది, ఎండాకాలం అనంతపురంలో ఆలస్యమవుతుంది. ఎక్కడైనా పూర్తిగా పట్టుకోవడానికి ఒక రోజు ఇవ్వాలి. అరగంటలో ఆయిల్ పోసి తాళం చేతికిచ్చేవాడి పని మళ్ళీ కారితే ఆశ్చర్యమేముంది.

ట్యాపెట్ కవర్ దగ్గర జరిగే పొరపాటు బిగింపుది. కారుతోంది కదాని ఇంకాస్త బిగిస్తారు. ఆ బోల్టులకు కావలసిన బలం చాలా కార్లలో పది న్యూటన్-మీటర్ల లోపే, అంటే చిన్న పానాతో రెండు వేళ్ళ బలం. మించితే కార్క్ ప్యాకింగ్ పిండినట్టు బయటికొస్తుంది, రేకు అంచు బోల్టుల దగ్గర లోపలికి వంగి, మధ్యలో లేస్తుంది. అప్పుడు ఎన్ని కొత్త ప్యాకింగ్‌లు వేసినా లాభం లేదు. చదునైన దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో అంచు సరిచేయాలి. స్పీడ్ బ్రేకర్‌కు తగిలి వంగిన చాంబర్‌కు కూడా ఇదే వైద్యం. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా బిగించడం అందరికీ తెలిసినదే, తొందరలో అందరూ మరిచిపోయేదీ అదే.

సీలు మార్చినా కారే ఇంజిన్లలో ఇరుసునే అనుమానించాలి. పాత పెదవి లక్ష కిలోమీటర్లు ఒకే గీత మీద ఒరిసి ఇరుసుకు గాడి పెట్టేస్తుంది. కొత్త సీలు అదే లోతులో కూర్చుంటే దాని పెదవి ఆ గాడిలోనే పడుతుంది. చోటుంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టడం చవకైన ఉపాయం. చోటు లేకపోతే ఇరుసు మీద తొడిగే పలచటి స్టీలు తొడుగులు ఉన్నాయి. ఎస్‌కేఎఫ్ వాళ్ళ తొడుగు మందం 0.28 మిల్లీమీటర్లే కాబట్టి పాత సైజు సీలే సరిపోతుంది. రబ్బరు సీలు పెదవికి ఆయిల్ రాసి ఎక్కించాలి. కొత్త కార్లలో వస్తున్న పీటీఎఫ్ఈ సీళ్ళలో చాలావాటిని మాత్రం పొడిగానే ఎక్కించాలి. పాత అలవాటుకొద్దీ ఆయిల్ రాస్తే అవి కుదురుకోవు.

ఇక సీసాల్లో అమ్మే లీక్-స్టాప్ మందులు. వీటిలో ఉండేది ప్రధానంగా రబ్బరును ఉబ్బించి మెత్తబరిచే రసాయనం. గట్టిపడిన సీలుకు కొంత మెత్తదనం రావడం వాస్తవమే, అదీ కొన్ని వారాలకు. చిరిగిన పెదవికీ, గాడి పడిన ఇరుసుకూ, ఎండి ముక్కలైన కార్కుకూ అది చేసేదేమీ లేదు. మోతాదు మించితే మంచి సీళ్ళు కూడా ఉబ్బి వదులవుతాయి. ఎక్కువ తిరిగిన ఇంజిన్ల కోసమని అమ్మే ఆయిళ్ళలోనూ ఇలాంటి రసాయనమే తగు మోతాదులో ఉంటుంది. అమెరికాలో వాల్వొలిన్ 2000లో అలాంటిది తెచ్చాక మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. తప్పదనుకుంటే సీసా కంటే ఆ ఆయిల్ నయమన్నది నా అభిప్రాయం.

‘సింథటిక్ పోస్తే లీకు మొదలవుతుంది’ అన్న మాటను పుకారని కొట్టేయడం ఇప్పుడు ఫ్యాషన్. దానికి వెనక నిజమైన చరిత్ర ఉంది. 1970ల తొలితరం సింథటిక్ ఆయిళ్ళలో వాడిన మూలద్రవం రబ్బరును కుదించేది. తర్వాత దానికి రబ్బరును ఉబ్బించే ఎస్టర్లు కలిపి సరిదిద్దారు. ఈనాటి సింథటిక్ సీలును పాడుచేయదు. కాకపోతే మడ్డిని కరిగిస్తుంది. ఆ మడ్డే ఇన్నాళ్ళూ పగులును పూడ్చి ఉంటే, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది.

చిక్కదనం సంగతి అంకెల్లో చూస్తే తేలిక. 100 డిగ్రీల దగ్గర 50 గ్రేడు ఆయిల్ చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి, 30 గ్రేడుది 9.3 నుంచి 12.5, 20 గ్రేడుది 6.9 నుంచి 9.3. అదే సందు, అదే ఒత్తిడి అయితే 50తో పోలిస్తే 30 దాదాపు రెట్టింపు కారుతుంది. కాబట్టి 20డబ్ల్యూ-50 కోసం తయారైన పాత ఇంజిన్‌లో మైలేజీ ఆశతో 0డబ్ల్యూ-20 పోసి లీకయిందని ఏడవడం అర్థం లేనిది. అలాగని పలచటి ఆయిల్ కోసం కట్టిన ఇంజిన్‌లో లీకు ఆపడానికి చిక్కటిది పోయడమూ మంచిది కాదు. బండితో వచ్చిన పుస్తకం అనుమతించిన గ్రేడుల్లో చిక్కటిది ఎంచుకోండి, అంతవరకే.

వదిలేయదగినవి, వదిలేయకూడనివి

అన్ని లీకులూ బాగుచేయాలా? అక్కర్లేదు. వెయ్యి కిలోమీటర్లకు వంద మిల్లీలీటర్లు పోయే వెనక సీలు కోసం బండి విలువలో సగం పెట్టడం నేనైతే చేయను. క్లచ్ మార్చాల్సిన రోజు ఎలాగూ వస్తుంది, ఆ రోజు గేర్‌బాక్స్ దిగినప్పుడు సీలు కూడా వేయించుకుంటే కూలి కలిసొస్తుంది. పైగా ఇరవై ఏళ్ళ కారును ఉంచుకోవడమే ఇప్పుడు ఖరీదైన వ్యవహారం. పదిహేనేళ్ళు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి కేంద్రం రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేసింది. 2025లో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 అయింది. ఈ ఖర్చుల పక్కన ఏ లీకు ఆగాలో, ఏది ఆగకపోయినా ఫర్వాలేదో లెక్క వేసుకోక తప్పదు.

రెండు చోట్ల మాత్రం బేరం లేదు. ముందువైపు క్యామ్, క్రాంక్ సీళ్ళ ఆయిల్ టైమింగ్ బెల్టు మీద పడుతుంటే ఆగకూడదు. రబ్బరు బెల్టు ఆయిల్‌కు ఉబ్బి, పళ్ళు ఊడి, ఏ హైవే మధ్యలోనో తెగుతుంది. బెల్టు మార్చినప్పుడల్లా ఆ సీళ్ళు కూడా మార్చేయమనడం అందుకే.

రెండోది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడే చుక్క. ఇంజిన్ ఆయిల్ ఆవిరి 200 డిగ్రీలు దాటాక అంటుకోగలదు, మానిఫోల్డ్ అంతకు మించి కాలుతుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ చిన్న విషయమనుకునేవాళ్ళకు జనరల్ మోటార్స్ ఉదంతం చెప్పాలి. 1997 నుంచి 2004 దాకా వచ్చిన 3.8 లీటర్ల వీ6 ఇంజిన్ కార్లలో ఆ కవర్ ప్యాకింగ్ దగ్గర ఊరిన ఆయిల్, గట్టిగా బ్రేకు వేసినప్పుడు మానిఫోల్డ్ మీద పడి మంటలు లేచేవి. కంపెనీ 2008లో, 2009లో కార్లను వెనక్కి పిలిచి మరమ్మతు చేసింది. అయినా ఆగలేదు. మరమ్మతు అయిన తర్వాత కూడా 1,345 కార్లు అంటుకున్నాయని చెబుతూ 2015 అక్టోబరులో సుమారు 14 లక్షల కార్లను మళ్ళీ పిలిచింది. అంత పెద్ద కంపెనీకే మొదటిసారి కుదరలేదంటే, ‘కొంచెం కాలిన వాసనొస్తోంది, తర్వాత చూద్దాం’ అన్న మాట ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు.

పట్టి తీసిన పాత ఆయిల్‌ను మురిక్కాలవలో పోయకండి, చెదలకని తలుపులకు పూయకండి. వాడిన ఆయిల్ మన దేశంలో 2016 నిబంధనల కింద ప్రమాదకర వ్యర్థం. దాన్ని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యత 2024 ఏప్రిల్ నుంచి ఉత్పత్తిదార్ల మీద పడింది. అమలు ఎలా ఉన్నా, డబ్బాలో పట్టి ఇస్తే తీసుకునే వర్క్‌షాపు ప్రతి ఆటోనగర్‌లోనూ ఉంటుంది. చేతికి తొడుగు వేసుకోండి, వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు.

మా కారు కింద అట్టముక్క ఇంకా ఉంది. డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్, పీసీవీ వాల్వు మార్చాక వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు పోసే బాధ తప్పింది. కిందటి నెల చాంబర్ మూలన మళ్ళీ సన్నటి చెమ్మ కనిపించింది. సుద్దతో చుట్టూ గీసి, పక్కన తేదీ వేసి వదిలేశాను. ఆ గీత దాటితే చూద్దాం.